ఓడినవాళ్ళు గ్లాసులు కడగాలి

మా సైన్స్ మేడం చనిపోయారన్న వార్త సోమవారం పొద్దున, బస్సు ఇంకా రాకముందే, స్కూలు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "విజ్ఞాన గగనంలో ఒక ధ్రువతార అస్తమించింది" అని మొదలైంది ఆ సందేశం. ధ్రువతార మనకు అస్తమించదు. ఆరో తరగతిలో ఆ మాట మాకు చెప్పింది మేడమే. ఆ వాక్యం చదివి ఉంటే, రాసినవాణ్ణి లేపి నిలబెట్టేవారు. కానీ రాసింది మనిషి కాదు, మా స్కూలు కొనుక్కున్న కృత్రిమ మేధ. దాన్ని నిలబెట్టే వీలు కూడా లేదు.

ఆదివారం సాయంత్రం, హఫీజ్‌పేట్‌లోని ఇంట్లో, గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఇవి మేడం భర్త ఫోనులో చెప్పిన మాటలు. స్కూలు సందేశంలో ఇవేవీ లేవు. అందులో "అలుపెరుగని", "అజరామరమైన", "స్ఫూర్తిదాయకమైన" అనే మాటలున్నాయి. నాకు మాటలంటే ఈ మధ్యే పిచ్చి పట్టింది. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో పెట్టుకుని తిరుగుతాను. ఆ మూడు మాటలు మాత్రం తీగ మీద ఆరేసిన చొక్కాల్లా కనిపించాయి. లోపల ఎవరూ లేరు.

మా బడి నానక్‌రామ్‌గూడలో పాత ఇళ్ళ మధ్య ఉంది. ఎటు చూసినా అద్దాల టవర్లే. వాటిలో కోడ్ రాసేవాళ్ళ పిల్లలూ, వాటి గేట్ల దగ్గర సెక్యూరిటీ చేసేవాళ్ళ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటాం. నేను ఇప్పుడు పదో తరగతి. ఆరు నుంచీ మాకు సైన్స్ చెప్పింది మేడమే.

ఏ ప్రయోగమైనా చేసే ముందు మేడం పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. "ఏమైతది? మీరే చెప్పుండ్రి" అనేవారు. ఇలా అవుతుందనేవాళ్ళు కిటికీ పక్కకు పోవాలి, కాదనేవాళ్ళు తలుపు పక్కకు. మధ్యలో ఉండడానికి లేదు. ఎవరైనా నసిగితే, "ఏం బిడ్డా, మెట్రోల సీటు కోసం చూస్తున్నవా? ఏదో ఒక పక్క నిలబడు" అనేవారు. ప్రయోగం అయ్యాక, ఓడినవాళ్ళు మూలనున్న సింకు దగ్గర గ్లాసులు కడగాలి. మేడం వచ్చి వాళ్ళ పక్కనే నిలబడి, అలా ఎందుకనుకున్నారో ఓపికగా అడిగేవారు. గెలిచినవాళ్ళను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. అందుకని మాలో కొందరం కావాలనే తప్పు పక్కకు వెళ్ళేవాళ్ళం. అది కూడా కనిపెట్టేవారు. "నువ్వు ఉత్తగనే ఒచ్చినవ్. గెలిచినోళ్ళల్ల పోయి కూసో, పో."

ఏడో తరగతిలో ఒకరోజు ఒక గ్లాసులో మంచినీళ్ళు, ఇంకో గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, రెంటిలోనూ మంచుముక్కలు వేశారు. ఏది ముందు కరుగుతుంది? ఉప్పు మంచును కరిగిస్తుందని అందరం విన్నదే. దాదాపు క్లాసంతా ఉప్పు వైపు నిలబడ్డాం. మేడం కూడా మాతోనే నిలబడ్డారు. మంచినీళ్ళలోది కరిగిపోయింది. ఉప్పునీళ్ళలోది తాపీగా తేలుతూనే ఉంది. మేడం ఆ గ్లాసును కాసేపు చూసి, కొంగు నడుముకు దోపుకుని, సింకు దగ్గరికి నడిచారు. ఓడిన టీచరు గ్లాసు తోముతుంటే మేం నోరు తెరుచుకుని చూశాం. మర్నాడు నీలిరంగు కలిపిన మంచుముక్కలు ఇంటి నుంచి తెచ్చి, మళ్ళీ చేశారు. మంచినీళ్ళలో కరిగిన చల్లటి నీలం కిందికి దిగిపోయి, ముక్క చుట్టూ వెచ్చటి నీళ్ళు చేరాయి. ఉప్పునీళ్ళు బరువైనవి కాబట్టి, నీలం పైనే ఉండి ముక్కను దుప్పటిలా కప్పింది. ఆ దుప్పటి నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

పోయినేడు కృత్రిమ మేధ మా బడికి వచ్చింది. తెచ్చింది కోఆర్డినేటర్ సార్. ఎండాకాలంలో కూడా టై విప్పని మనిషి. అన్ని తరగతులకూ ఒకటే యాప్, అన్ని గోడలకూ తెరలు. మూడో తరగతికి అందులో చిలక మాట్లాడుతుంది. ఆరో తరగతికి రోబో. తొమ్మిదో తరగతికి కళ్ళజోడు పెట్టుకున్న శాస్త్రవేత్త.

"తరగతిని బట్టి దాని స్థాయి అదే మార్చుకుంటుందండి మేడం" అన్నారు సార్, కొత్త బండి కొన్నవాడిలా.

మేడం ముగ్గురినీ ఆ మంచుముక్క ప్రశ్నే అడిగారు. చిలక రెక్కలు కొట్టుకుంటూ ఉప్పునీళ్ళంది. రోబో కళ్ళు మిటకరిస్తూ ఉప్పునీళ్ళంది. శాస్త్రవేత్త కళ్ళజోడు సర్దుకుని ఉప్పునీళ్ళన్నాడు.

"బట్టలు మూడు తీర్లు, ముచ్చట ఒక్కటే" అన్నారు మేడం. తప్పు అని శాస్త్రవేత్తకు చెప్పారు. "అద్భుతం! మీరు చెప్పింది నిజమే, క్షమించండి" అన్నాడు. కాదు కాదు, నువ్వు ముందు చెప్పిందే కరెక్ట్ అన్నారు. "అద్భుతం! మీరు చెప్పింది నిజమే" అన్నాడు మళ్ళీ.

"ఏంది సార్ ఇది? ఏ పక్క తోస్తే ఆ పక్కకు పోతది. సరే, ఓడిపోయింది గదా, గ్లాసులు కడుగుమనుండ్రి."

మేం పగలబడి నవ్వాం. సార్ ముఖం ఎర్రబడింది. "అది నేర్చుకుంటూ ఉంటుందండి మేడం."

"కడగకుండ ఏం నేర్చుకుంటది?"

మేడానికి ఆ యాప్ వాడడం రాదని స్టాఫ్ రూంలో అనుకునేవారట. శుద్ధ అబద్ధం. దాన్ని అడగొద్దని మాకెప్పుడూ చెప్పలేదు. ముందు నువ్వు ఏ పక్కనో నిలబడి, తర్వాత అడుగు అనేవారు. నిలబడకుండా అడిగేవాళ్ళంటేనే మండేది. ఒకరోజు, కిటికీ బయటే వేపచెట్టు ఉండగా, వేపాకు గురించి చిలకను అడుగుతోంది మూడో తరగతి పాప ఒకతె. మేడం ఆ ట్యాబ్‌ను బల్ల మీద బోర్లించి, ఒక ఆకు కోసి పాప చేతిలో పెట్టారు. "నములు." పాప ముఖం వంకర్లు పోయింది. "ఇగ చెప్పు, మీ చిలక నీకు చేదు పెడతదా?"

ఈ ఏడాది ఇంకో ఘనకార్యం తలపెట్టారు. మా ల్యాబ్‌ను స్టూడియో చేస్తారట. కింద కార్పెట్, గోడంతా తెర. కార్పెట్‌కూ నీళ్ళకూ పడదు కాబట్టి సింకు పీకెయ్యాలి. ప్లంబరు వచ్చి, సింకు పైనున్న సిమెంటు గోడ మీద సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టి పోయాడు. దసరా సెలవుల్లో పని. మేడం ప్రిన్సిపల్ సార్ గదికి తిరుగుతూనే ఉన్నారు. "సింకు పీకితే ఓడినోళ్ళు ఏడికి పోవాలె సార్?" అని అడిగేవారు. "చూద్దాంలెండి మేడం" అనేవారాయన. ఆ చూడడం పూర్తికాకముందే మేడం పోయారు.

మంగళవారం మేం కొందరం మేడం ఇంటికి వెళ్ళాం. మేడం భర్తను మేం అంకుల్ అంటాం, ఆయన మమ్మల్ని కూర్చోబెట్టారు. తర్వాత తనే అన్నారు. "ఇంట్ల కూడ గదే లొల్లి. పాలు పొంగుతయా పొంగయా, వాన పడతదా పడదా, ఏదో ఒక పక్క నిలబడుమనేది. ఓడితే గిన్నెలు నేనే తోమాలె." గిన్నెల వైపు చూశారు. "ఒక్కపారన్న గెలిస్తే యాదుండేది."

శుక్రవారం ల్యాబ్‌లోనే సంతాప సభ. తెర మీద మేడం ఫోటో. కోఆర్డినేటర్ సార్ లేచి, మనకొక కానుక అన్నారు. పాత ఆన్‌లైన్ క్లాసుల నుంచి గొంతు తీసి డిజిటల్ మేడాన్ని తయారు చేశారట. కొత్త స్టూడియోకు మేడం పేరే పెడతారట. "ఇక మేడం ఎప్పటికీ మనతోనే ఉంటారండి" అన్నారు. అంకుల్‌ను అడిగారా సార్ అన్నాను. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నారట. చనిపోయిన మనిషి గొంతుతో సర్‌ప్రైజ్! ఆ మాటను నోట్లో పెట్టుకుని తిరగలేను, ఉమ్మెయ్యాలి.

ఫోటో పెదాలు కదిలాయి. "పిల్లలూ, మీ ప్రశ్నలు అద్భుతం!"

మేడం నోట అద్భుతం అన్న మాట నేనెన్నడూ వినలేదు. మంచి ప్రశ్న అడిగితే "ఊఁ" అనేవారు. ఆ ఊఁ కోసం వారమంతా తిప్పలు పడేవాళ్ళం.

వెనక నుంచి నవీన్ లేచాడు. వాళ్ళ నాన్న ఎదురు టవర్‌లో సెక్యూరిటీ. "మేడం, మంచుగడ్డ మంచినీళ్ళల్ల జల్ది కరుగుతదా, ఉప్పునీళ్ళల్లనా?"

"అద్భుతమైన ప్రశ్న! ఉప్పునీళ్ళలో" అంది మేడం గొంతు. ఏ తప్పు చేసి ఆమె మా ముందు గ్లాసు తోమారో, ఆ తప్పే ఆమె గొంతుతో చెప్పించారు.

బెంచీలు కిర్రుమన్నాయి. మా క్లాసంతా లేచి కిటికీ పక్కకు, మంచినీళ్ళ వైపుకు పోయి నిలబడ్డాం. ఏమీ తెలియని ఆరో తరగతి పిల్లలు కొందరు తలుపు పక్కకు పోయారు. ప్రిన్సిపల్ సార్, కోఆర్డినేటర్ సార్ మధ్యలో మిగిలారు.

"నడిమిట్ల నిలబడొద్దు సార్" అన్నాడు నవీన్, మెల్లగానే.

ప్రిన్సిపల్ సార్ తెర వంక చూసి తలుపు పక్కకు నడిచారు. కోఆర్డినేటర్ సార్ ఆయన వెనకే వెళ్ళారు. క్యాంటీన్ నుంచి మంచు తెచ్చాం. రెండు గ్లాసులు బల్ల మీద పెట్టాం. తెర మీద మేడం నవ్వుతూ కళ్ళార్పుతున్నారు, ఎవరూ అటు చూడలేదు. మంచినీళ్ళలో ముక్క సన్నబడి, బిళ్ళయి, మాయమైంది. ఉప్పునీళ్ళలోది తేలుతూ ఉంది.

ప్రిన్సిపల్ సార్ వాచీ విప్పి జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచారు.

"ఆయా ఉంది కదండీ సార్" అన్నారు కోఆర్డినేటర్ సార్.

"ఓడింది ఆయా కాదు కదయ్యా."

ఆయనకు గ్లాసు కడగడం సరిగ్గా రాదు. కొళాయి పెద్దగా తిప్పారు. నీళ్ళు చిమ్మి చొక్కా మీద పడ్డాయి, గోడ మీద పడ్డాయి. సుద్దతో గీసిన ఇంటూ గుర్తు తడిసి, సిమెంటు రంగులో కలిసిపోయింది. ఆయన గ్లాసులు రెండూ కిటికీ గట్టు మీద బోర్లించి, తడిచేతులతోనే నిలబడి, ఆ గుర్తున్న చోటును చూశారు.

తడిసిన సుద్ద గీత మాయమైనట్టే ఉంటుంది. ఆరితే ఒక్కోసారి మళ్ళీ తేలుతుంది, ఒక్కోసారి తేలదు. ఎవరూ చెప్పకుండానే, గుర్తు పోలేదని, మళ్ళీ తేలుతుందని మాలో కొందరు తలుపు వైపు కదిలారు. నేను కిటికీ పక్కనే, బోర్లించిన గ్లాసుల దగ్గర నిలబడ్డాను. అందరం ఆ తడి గోడనే చూస్తున్నాం.