కెప్టెన్ చెయ్యి జారిన రోజు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. తెలుసనుకున్నవన్నీ తప్పులని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పుడు నేను విజయవాడలో ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టులో కొత్త డిఫెండర్‌ని. కెప్టెన్‌ది పామర్రు కాబట్టి అందరికీ ఆయన పామర్రన్న. అవతలివాడు కూతకొచ్చినప్పుడు మేం ఇద్దరిద్దరం చేతులు పట్టుకుని నిలబడతాం. నా జంట ఆయనే. అంతటివాడి చెయ్యి రోజూ పట్టుకుంటున్నానన్న గర్వంతో, చల్లపల్లిలో ఉన్న మా పిన్ని కూతుర్ని ఆయనకిచ్చి చెయ్యాలని నా అంతట నేనే తీర్మానించేశాను. (చెల్లెల్నీ అడగలేదు, ఆయన్నీ అడగలేదు.) నెల రోజులపాటు 'అన్నా' మానేసి 'బావగారూ' అంటూ తిరిగాను.

ఒక సాయంత్రం ప్రాక్టీసయ్యాక, కాలవ పక్కన చెరకు రసం తాగుతూ ఆయనకి ఫోన్లో ఫొటో చూపించాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "తమ్ముడూ, మీ చెల్లెలు బంగారంలా ఉంది. కానీ నాకు మగవాళ్లంటేనే ఇష్టం. నేను గే. ఆదివారం జట్టుకి చెప్పేస్తున్నా, తర్వాత బయటక్కూడా. ముందు నీకు చెబుతున్నా."

నేను కంగారుగా, "మోకాలికేం కాలేదు కదండీ?" అన్నాను. (ఆటగాడు నెమ్మదిగా మాట్లాడాడంటే మాకు మోకాలు పోయిందనే అర్థం.) ఆయన పగలబడి నవ్వాడు. నవ్వాక మాత్రం, "ఆదివారం తర్వాత నన్ను ఆడనిస్తారో లేదో," అన్నాడు.

మర్నాడు ప్రాక్టీసులో ఆయన చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఎందుకో నా చిటికెన వేలు మాత్రమే ముందుకెళ్లింది. కూతకొచ్చిన మా కుర్ర రైడర్ మా మధ్యనుంచి దూసుకుపోయాడు, నేను బోర్లా పడ్డాను. "చెయ్యి పట్టుకోవడం కూడా నేర్పాలేంట్రా నీకు?" అని కోచ్ అరిచాడు. పామర్రన్న నన్ను లేపుతూ, నాకు మాత్రమే వినబడేలా, "నిన్నటి చెయ్యే కదా తమ్ముడూ," అన్నాడు. ఆ మాట ముందు ముక్కు మీది దెబ్బ అసలు నొప్పే అనిపించలేదు. "తప్పయిపోయింది అన్నా," అన్నాను, తల ఎత్తకుండా.

ఆదివారం ఆయన చెప్పేశాడు. మాలో అందరికంటే లావుగా ఉండే డిఫెండర్, "ఇంతేనా? జట్టు మారిపోతున్నావేమోనని గుండె జారిపోయింది అన్నా!" అంటూ ఏడ్చినంత పని చేశాడు. కోచ్ మాత్రం, "శనివారం మ్యాచుకి నువ్వే కెప్టెన్. లేవండి, పరిగెత్తండి," అన్నాడు.

ఆ శనివారానికి వార్త ఊరంతా పాకింది. గ్యాలరీలోంచి కొన్ని ఈలలు, పాడు కూతలు వచ్చాయి. నేను ఆయన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, "వేళ్లు విరగ్గొట్టకురా, నేను కూతకెళ్లాలి!" అన్నాడు. వెళ్లి, ముగ్గుర్ని ముట్టుకుని వచ్చాడు. ఈలలు అప్పుడూ వచ్చాయి, కాకపోతే ఈసారి లేచి నిలబడి వేశారు.

మొన్న ఒక కుర్ర ఆటగాడు టీవీలో తన బాయ్‌ఫ్రెండ్ గురించి మామూలుగా ఒక ముక్క చెప్పాడు. విలేకరి తలూపి, వచ్చే మ్యాచ్ గురించి అడిగాడు. అంతే. పామర్రన్న అలాంటి మాటే చెప్తే మోయలేక వారం రోజులు అన్నం సహించని అప్పటి నన్ను తలుచుకుని, పాపం, నాలో నేనే నవ్వుకున్నాను.