చేపలా నొక్కి చూసిన టైరు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాడికి ఎత్తు అంటే కాలవ గట్టు, లోతు అంటే పంట బోదె. బెజవాడలో ఫ్లైఓవర్ ఎక్కితేనే నాకు చెవులు దిబ్బెళ్లు పడతాయి. అలాంటి నేను యాభై రెండో ఏట ఆల్ప్స్ పర్వతాల మీద పది రోజులు సైకిలు తొక్కడానికి టికెట్ కొన్నాను. పొద్దున్నే బందరు రోడ్డు మీద కలిసి తొక్కే ఎనిమిది మందిమి ఉన్నాం. మిగతా ఏడుగురూ వెళుతున్నారు. వాళ్లు మంచు కొండల ముందు నిలబడి పంపే ఫొటోలు చూస్తూ ఇంట్లో పెసరట్టు తిని బతకగలిగేంత గట్టి గుండె దేవుడు నాకివ్వలేదు.

మా ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఏవండీ, వింటున్నారా? విమానం ఎక్కేలోపు ఒక్కసారి కింద పడ్డా టికెట్ క్యాన్సిల్. ఒక్కటంటే ఒక్కసారి."

ఆమె అలా అనడానికి కారణం నా ఎడమ భుజంలో ఉంది. కిందటేడు కొండపల్లి కోట దగ్గర్నుంచి సైకిలు మీద దిగుతూ, ఒక మలుపులో కంకర మీద జారి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాను. బయట చెప్పేటప్పుడు నాకు అడ్డంగా చిరుతపులి వస్తుంది. నిజానికి వచ్చింది మేక, అదీ పిల్ల. ఆరు వారాలపాటు మా ఆవిడ నాకు లుంగీ కట్టింది, తల దువ్వింది, ఇడ్లీ తుంచి నోట్లో పెట్టింది. ఏడో వారానికి చెయ్యి బాగైనా ఆ ఇడ్లీల సుఖానికి అలవాటుపడి మరో రెండు రోజులు చెప్పలేదు. ఆ విషయం బయటపడిన రోజునుంచీ ఇంట్లో నా మాటకు విలువ లేదు.

కాబట్టి నా ఆల్ప్స్ భవిష్యత్తంతా రెండు టైర్ల మీద నిలబడింది. పడకూడదంటే నేలను వదలని టైర్లు కావాలి.

మూడు వారాలు టైర్ల చదువు చదివాను. ఇంటర్‌లో అందులో పావువంతు చదివి ఉంటే ఈపాటికి కలెక్టర్‌నయ్యేవాణ్ణి. మెత్త రబ్బరు రాయిని పట్టుకుంటుంది, కానీ సబ్బులా అరిగిపోతుంది. గట్టి రబ్బరు అరగదు, కానీ తడి రాయి మీద మనల్ని వదిలేస్తుంది. పెద్ద బొడిపెలున్నది మట్టిని కరుస్తుంది, తారు రోడ్డు మీద మాత్రం ఆంబోతులా మొరాయిస్తుంది. నాలుగు రకాలు తెప్పించి హాల్లో గోడకు తగిలించాను. పొద్దున లేచి ఒక దానికి, పడుకునే ముందు ఇంకో దానికి ఓటేసేవాణ్ణి. పంక్చర్ షాపు పెడుతున్నారా అని పక్కింటివాళ్లు మర్యాదగా అడిగారు.

చివరికి నాలుగింటినీ దండల్లా మెడలో వేసుకుని సైకిలు మీద ఆటోనగర్ వెళ్లాను. అక్కడ లారీ టైర్లు అమ్మే సాయిబుగారు ఉన్నారు. మా నాన్నగారి లారీకి టైర్లు వేసింది ఆయనే. ఇప్పుడు గడ్డమంతా తెల్లబడింది గానీ, టైరును చూసే చూపు మాత్రం అదే.

"ఏం లోడు సార్?" అన్నారు.

"నేనేనండి."

నన్ను పైనుంచి కిందిదాకా, మధ్యలో పొట్ట దగ్గర కాసేపు ఆగి, చూశారు. "ఫుల్ లోడే."

నాలుగు టైర్లనూ గోటితో గీరారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ముందు చక్రం పట్టుకోవాలి. వెనక చక్రం తోయాలి. రెండు పనులకీ ఒకే మనిషిని పెట్టుకుంటామా సార్? ముందుకు ఈ మెత్తది, పెద్ద బొడిపెలది వెయ్యండి. వెనక్కి ఈ గట్టిది."

మూడు వారాల నా నిద్రలేమిని ఆయన టీ చల్లారేలోపు తీర్చేశారు. టైర్లు తనే బిగించారు. వాటికి ట్యూబులుండవు. చిన్న చిల్లు పడితే దానంతటదే మూసుకుపోవడానికి లోపల పాలలాంటి మందు పోస్తారు. అదీ పోసి, లారీలకు గాలి కొట్టే గొట్టం పెట్టి, టైర్లు బండరాళ్లయ్యేదాకా గాలి కొట్టారు. ఇనప కడ్డీతో ముందు టైరు మీద ఒక్కటిచ్చారు. టంగుమంది. ఆ మోతకు పక్క షాపులో నిద్రపోతున్న డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"గాలంటే ఇదీ సార్. కడ్డీతో కొడితే మోగాలి. సైకిలు కదా అని కొంచెం తగ్గించే కొట్టాను."

లారీలతో పెరిగినవాణ్ణి. గాలి తక్కువున్న చక్రం కన్నా చిరిగిన చొక్కా నయమనుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ టంగుమన్న మోత నాకు మంగళ వాయిద్యంలా వినిపించింది.

తర్వాతి వారం చల్లపల్లిలో మా బావమరిది మనవరాలి బారసాల. సైకిలును కారు వెనక కట్టుకుని మా ఆవిడా నేనూ వెళ్లాం. ముందు రాత్రి వాన పడింది. తెల్లారగానే, ఎవరూ లేవకముందే, కాలవ గట్టెక్కాను. మా నల్లరేగడి వానకు తడిస్తే ఎలా ఉంటుందో తెలియనివాళ్లు వెన్న రాసిన అద్దాన్ని ఊహించుకోవాలి. నలభై గజాలు వెళ్లానో లేదో, ముందు చక్రం కాలవ వైపు, వెనక చక్రం వరిచేను వైపు, నేను స్వర్గం వైపు బయలుదేరాం. స్వర్గంలో ఖాళీ లేదు కాబోలు, బురదలోకి తిరిగొచ్చాను.

ఎముకలు లెక్కపెట్టుకుంటుండగా, వెనక రెండు, ముందు ఒకటి చేపల పెట్టెలు కట్టిన మోపెడ్ ఒకటి అదే గట్టు మీద నింపాదిగా వచ్చింది. నడుపుతున్నది సముద్రం వైపు నుంచి రోజూ చేపలు తెచ్చి ఊళ్లో అమ్ముకునే ఆవిడ. నన్ను చూసి కాలు కింద పెట్టింది.

"ఏం పట్టావు అన్నయ్యా? కొరమీనా?"

"జారిందమ్మా."

దిగి వచ్చి నా ముందు టైరును బొటనవేలితో నొక్కింది. "ఇది టైరా, రోకలా? జారక ఏం చేస్తుంది! నా బండి చూడు. వానొచ్చిందంటే ముందు చక్రంలో గాలి కాస్త తీసేస్తా. లేపోతే నా చేపలన్నీ మళ్లీ కాలవలోకే."

"ఎంత తీస్తావు?"

"ఎంతేంటి అన్నయ్యా? చేప కొనేప్పుడు నొక్కి చూడవా? వేలు దిగాలి, తియ్యగానే గుంట పైకి రావాలి. అసలు దిగలేదనుకో, అది ఐసులో బిగుసుకుపోయింది. దిగిన గుంట అలాగే ఉండిపోయిందనుకో, పాడైంది. టైరైనా అంతే."

తన ముందు చక్రం నొక్కి చూపించింది. వేలు దిగింది, గుంట పైకొచ్చింది. తర్వాత నా టైరు పిన్ను మీద గోరు పెట్టింది. సాయిబుగారి గాలి తాచుపాములా బుసలు కొడుతూ దివిసీమ మీదుగా సముద్రంలోకి వెళ్లిపోయింది. మనసు చివుక్కుమంది గానీ ఎక్కి తొక్కాను. అదే బురదలో చక్రం జలగలా పట్టుకుంది.

"మా ఆవిడకు మాత్రం చెప్పకమ్మా," అన్నాను.

"మీ ఆవిడెవరో నాకేం తెలుసు?" అని వెళ్లిపోయింది.

కాలవలో అరగంట కడుక్కుని పెళ్లికొడుకులా బావమరిది ఇంటికి చేరాను. వాకిట్లో ఆ చేపలావిడే తక్కెడ పట్టుకుని కూర్చుంది. ఎదురుగా మా ఆవిడ.

"పడ్డారటగా."

"నేను చెప్పలేదు అన్నయ్యా!" అని చేపలావిడ లబలబలాడింది. "గట్టు మీద ఎవరో మనిషి సైకిలుతో సహా బోర్లా పడున్నాడని మాత్రమే అన్నా. అది నువ్వేనని ఆవిడే అంది!"

"ఒక్కసారి పడ్డా టికెట్ క్యాన్సిల్ అన్నాను కదా," అంటూ మా ఆవిడ అప్పటికే ఫోను తీసింది. ఆల్ప్స్ పర్వతాలు ఒక్కొక్కటే కూలిపోతున్న చప్పుడు నాకు వినిపించింది.

"ఇది లెక్కలోకి రాదమ్మా," అంది చేపలావిడ. "రాతి చక్రాలతో ఈ గట్టు మీద ఎవరైనా పడతారు. ఇప్పుడు మెత్తబరిచా. ఒకసారి నొక్కి చూడు."

మా ఆవిడ గురించి ఇక్కడొక మాట చెప్పాలి. ఆదివారం చేపల బజారులో ఆమె బొటనవేలికి భయపడని వ్యాపారి లేడు. నేను ఒక్కడినే వెళ్లి చేప తెచ్చింది ఒకే ఒక్కసారి. ఆ వాసనకు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు రెండు రోజులు ఎవరూ ఎక్కలేదు. అలాంటి మనిషి వంగి, నా టైరును నొక్కి, గుంట పైకి రావడం కళ్లార్పకుండా చూసింది. పెళ్లైన ఇరవయ్యారేళ్లలో నా సైకిలు మీద ఆమె ఆసక్తి చూపడం అదే మొదలు.

"సరే," అంది. "కొండపల్లిలో ఏ మలుపులో పడ్డారో ఆ మలుపులోనే చూపించండి. అక్కడ పడితే మాత్రం ఇక మాటల్లేవు."

ఆదివారం పొద్దున ఆ మలుపు దగ్గర గొడుగు వేసుకుని నిలబడింది. ఫోనులో టికెట్ క్యాన్సిల్ చేసే పేజీ తెరిచి, బొటనవేలు దానికి గోరెడు ఎత్తులో పెట్టింది. నేను పైన కోట దగ్గర రెండు టైర్లూ నొక్కి చూసుకున్నాను. బ్రేకు వదిలాను.

గాలి చెవుల్లో విమానంలా మోగింది. మలుపు వచ్చింది. కిందటేడు ఇక్కడే నేను బిగదీసుకుపోయి బ్రేకు నొక్కేశాను. ఈసారి నొక్కలేదు. మా ఆవిడ వేలివైపు కూడా చూడలేదు. కంకర తగలగానే ముందు టైరు కాస్త అణిగి, నేలను కరిచి, పైకి లేచింది. వెనకది జానెడు పక్కకు జరిగింది. ముందుది మాత్రం వదల్లేదు. గొడుగు పక్కనుంచి దూసుకుపోయాను.

"ఆగండి! ఏవండీ, ఆగండి!"

కొండ అయిపోయాక ఆగాను. సైకిలు తోసుకుంటూ, రొప్పుతూ మళ్లీ ఆ మలుపు దాకా ఎక్కాను. ఫోను ఆమె హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లిపోయింది.

"పడలేదు," అన్నాను.

"చూశానుగా." వంగి రెండు టైర్లూ నొక్కింది. "వెనకది ఇంకా గట్టిగా ఉంది. అందుకే జరిగింది." పిన్ను మీద గోరు పెట్టి రెండు బుసలు వదిలింది. "ఆ ఆల్ప్స్‌లో రోజూ ఎవరు నొక్కి చూస్తారు?"

"నేనే."

"మీరా? మీకు చేప కొనడమే రాదు."

ప్రయాణానికి ఇంకా మూడు ఆదివారాలున్నాయి. మూడింటిలోనూ నన్ను చేపల బజారుకు తీసుకెళ్లింది. మొదటి వారం నేను తాజాగా ఉందన్న చేపను రెండు వేళ్లతో పైకెత్తి నలుగురికీ చూపించింది. రెండో వారం సగం సగం. మూడో వారం ఒక్కడినే ముందు నడిచాను. వరసగా పదకొండు చేపల్ని నొక్కాను, గుంటల్ని చూశాను, తల అడ్డంగా ఊపాను.

"ఏంటి సార్," అన్నాడు చేపలాయన, "కొంటారా, గాలి కొడతారా?"

పన్నెండోది బొచ్చె. నొక్కాను. వేలు దిగింది. తీశాను. గుంట నెమ్మదిగా, నిండుగా పైకొచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ సంచి మూతి తెరిచి పట్టుకుంది.