దీపం అడుగున చేతి ముద్ర

దయ్యాలు, చేతబడులు అంటే నవ్వేటోన్ని నేను. ఎల్‌బీ నగర్‌ల పద్దెనిమిదేండ్ల సంది అద్దాల షాపు నడుపుతున్న. గాజు ఎట్ల తయారైతదో, ఎట్ల పగులుతదో నాకు ఒకరు చెప్పే పని లేదు. అందుకే ఇది రాస్తుంటే నాకే సిగ్గుగ ఉంది.

మొన్న ఎండకాలం, ఒక మధ్యాహ్నం, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రిటైరైన టీచరమ్మ ఒకామె పాత కిరసనాయిలు దీపం తెచ్చింది. ఆకుపచ్చ గాజు, చుట్టూ పూలు. వత్తి పెట్టే ఇత్తడి మూతి ఊడింది.

"మా నాయనమ్మ కాలం నాటిదండీ. జాగ్రత్తగా అతికించండి," అని ఇచ్చి పోయింది.

అట్లాంటి దీపాలను అచ్చుల ఒత్తి చేసేటోళ్లు. కరిగిన గాజు ముద్దను ఇనుప అచ్చుల వేసి, పైనుంచి ఇనుప దిమ్మెతోటి గట్టిగ నొక్కుతరు. పూలు అట్లనే పడతయి. అచ్చు ముక్కలు కలిసిన కాడ సన్నటి గీత మిగులుతది. ఆ గీత చూద్దామని దీపం బోర్లించిన.

అడుగున ఒక చేతి వేళ్ల ముద్రలు ఉన్నయి. మెత్తటి మట్టిని పట్టుకున్నట్టు లోతుగ, వేలి గీతలతో సహా. కరిగిన గాజుల వేలు పెడితే వేలు మిగలదు.

షాపుల నాతోపాటే పనిచేసే మా ఆవిడ సుజాతకు చూపించిన. ఆమె నవ్వుకుంట వేళ్లు పెట్టి చూసింది. మూడు వేళ్లు సరిగ్గ పట్టినయి. నవ్వు ఆగిపోయింది.

నడిమి వేలి ముద్రల ఏటవాలుగ ఒక గాటు. అంతకు నెల ముందే అద్దం కోసుకొని ఆమె నడిమి వేలికి నాలుగు కుట్లు పడ్డయి. ఆ కుట్ల చుక్కలు గూడ గాజుల ఉన్నయి. రెండుసార్లు లెక్కపెట్టిన.

"ఇది నా చెయ్యే," అన్నది మెల్లగ. మళ్ల, "జర చిటికెన వేలు చూడు," అన్నది.

ఆ వేలి ముద్ర సగంలనే ఆగింది. కొస లేదు. తెగి మానిన వేలు లెక్క మొద్దుగ ఉంది. సుజాత చిటికెన వేలేమో నిండుగనే ఉంది.

వెంటనే టీచరమ్మకు ఫోన్ చేసిన. ఆమె వచ్చి, దీపం బోర్లించి చూసి తెల్లబోయింది.

"ఏటా నేనే తోముతానండీ. అడుగున నున్నగా ఉండేది," అన్నది. మూతి అతికించమని మళ్ల అడగలేదు. గుడ్డల చుట్టుకొని తీస్కపోయింది.

ఆ రోజు సంది సుజాతను షాపుకు రానిస్తలేను. మీర్‌పేట్‌ల మా ఇంట్ల కత్తిపీట గూడ తీసేసిన. ఇప్పటికైతే ఆమె పది వేళ్లూ బాగనే ఉన్నయి. ఆ ముద్ర ఎట్ల పడ్డదో మాత్రం నాకు ఈనాటికీ తెల్వదు.

రోజూ పొద్దున ఆమె నా టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే నా కండ్లు ఆ చిటికెన వేలి మీదికే పోతయి. ఆమె అది చూసి చెయ్యి కొంగుల దాచుకుంటది.