ఛైర్మన్ గారి భోజనాల గదిలో పొలిమేర

మా పల్లె పబ్‌లో చలికాచుకునే పొయ్యి పక్క కుర్చీ ఎనిడ్ టాప్‌స్కాట్‌ది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఆమె నోరు మెదపదు. ఎదురుగా నిలబడి, వాళ్లు లేచేదాకా వాళ్ల చెవుల వంక చూస్తుంది. నేను బీరు పోస్తాను, ఆమె అరగ్లాసు తాగి ఊరందరినీ తిడుతుంది. ఎనభై దాటాక అంతకంటే బతుకేముంది?

ఆ బతుక్కి లయొనెల్ పెల్హామ్ తాళం వేశాడు. లండన్‌లో రిటైరై వచ్చి, ఇంకెవరూ నిలబడని ఎన్నికలో గెలిచి, పంచాయతీ ఛైర్మన్ అయిన పెద్దమనిషి. తన ఇంటి పక్క సందుకు గేటు పెట్టించి తాళం బిగించాడు. ఆ సందులోంచి అయితే ఎనిడ్ మోకాళ్లు పబ్ దాకా వస్తాయి. చుట్టూ తిరిగి కొండెక్కి రమ్మంటే రావు. కుర్చీ ఖాళీ అయింది.

పంచాయతీ సమావేశానికి ఆమెను నేనే కారులో తీసుకెళ్లాను.

"అది జనం దారి అనడానికి కాగితం ఉందా, మిసెస్ టాప్‌స్కాట్?" అన్నాడు పెల్హామ్.

"లేదు నాయనా. కాళ్లున్నాయి."

"కాళ్లు సాక్ష్యానికి పనికిరావండీ. తర్వాతి విషయం."

తర్వాతి విషయం ఆయనకు ప్రాణం: పొలిమేర తొక్కుడు. వెనకటికి ఏటా వసంతంలో ఊరంతా కర్రలు పట్టుకుని సరిహద్దు వెంట నడిచి, ప్రతి రాతినీ బాదేవాళ్లు. రాయి ఎక్కడుందో జన్మలో మరవకుండా పిల్లల్ని తలకిందులు చేసి దానిమీద మొత్తేవాళ్లు. అలా మొత్తించుకున్న తలల్లో ఇప్పుడు మిగిలింది ఎనిడ్ తలొక్కటే. ఆ ఆచారాన్ని మళ్లీ లేపాలని పెల్హామ్ ఉబలాటం. మా ఊరి పాతరోజులంటే మాకంటే ఆయనకే మోజు.

"ఒక్క రాయి వదలకూడదు! దారిలో ఏం అడ్డొచ్చినా సరే!" అన్నాడు.

"గోడ అడ్డొస్తేనో?" అంది ఎనిడ్.

"గోడైనా!"

"ఏటా?"

"ఏటా!"

"అయితే తీర్మానం రాయించు బాబూ, మళ్లీ మర్చిపోతావు."

అందరం చేతులెత్తాం.

పొలిమేర తొక్కే రోజున వాన పడి వెలిసింది. పాస్టర్ ముందు, బురద బూట్లతో ఊరంతా వెనక. ఎనిడ్‌ను చక్రాల కుర్చీలో నేను తోస్తున్నాను. పెల్హామ్ ఇంటి ముందు చెయ్యెత్తి ఆపింది.

"తర్వాతి రాయి ఇందులో ఉంది. నన్ను మొత్తింది ఇక్కడే."

"ఇది మా భోజనాల గది!" అన్నాడు పెల్హామ్.

"అవును, పొలిమేర మీద కట్టావు పాపం."

ఆయన భార్య మార్జరీ తలుపుకు అడ్డం నిలబడింది. "కనీసం బూట్లు విప్పండి!"

"ఆచారంలో విప్పడం లేదమ్మా," అన్నాడు పాస్టర్, సిగ్గుపడుతూనే.

మీగడ రంగు తివాచీ మీదుగా నడిచాం. కుక్కలు కూడా. కర్రలతో నేల బాదాం.

"ఇప్పుడు ఊరికి కొత్తవాళ్లెవరినైనా మొత్తాలి," అంది ఎనిడ్. అందరం ఛైర్మన్ వంక చూశాం. తల వదిలేశాం, వయసుకు మర్యాద ఇచ్చి పిర్రలతో సరిపెట్టాం.

"ఇది ఏటానా?" అంది మార్జరీ ఏడుపు గొంతుతో.

"మీవారి తీర్మానమే తల్లీ," అంది ఎనిడ్. " పక్క సందు తెరిచుంటే బయటినుంచే గోడకి కర్ర తాకించి పోయేవాళ్లం. తాళం ఉంది కదా మరి."

మార్జరీ మొగుణ్ణి అడగలేదు. తాళంచెవి తెచ్చి ఎనిడ్ ఒడిలో పడేసింది.

మర్నాడు ఎనిడ్ సందులోంచి నడిచొచ్చేసరికి పొయ్యి పక్క కుర్చీలో పెల్హామ్ ఉన్నాడు, కింద దిండు వేసుకుని. ఆమె ఆయన చెవుల వంక చూసింది. లేచాడు.

గ్లాసు అందిస్తూ మెల్లగా అడిగాను. "నిజం చెప్పు. రాయి అక్కడే ఉందా?"

"అప్పుడు ఆరేళ్లదాన్నిరా, తలకిందులుగా వేలాడుతున్నాను. నాకు కనిపించింది మా నాన్న బూట్లు," అంది. "ఇవాళ గ్లాసు నిండా పోయి."