కొమురెల్లి పడవలో చోటు

ఆ శనివారం సాయంత్రం మా బావ వీధిలో గాలానికి కట్టే తంగూసు దారం సాగదీస్తున్నాడు. ఒక కొస మా గేటు ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని కరెంటు స్తంభం దాకా నడిచి, వెనక్కి ఒరిగి లాగి పట్టుకున్నాడు. కొత్త దారం చుట్ట చుట్టుకునే ఉండాలని చూస్తుంది. అట్లాగే నీళ్లలోకి వదిలితే ఉంగరాలు తిరుగుతుంది, కింద చేప ముట్టిన సంగతి పైన వేలికి చేరదు. అందుకని కొత్త దారం కొన్నప్పుడల్లా ఉప్పల్‌లో మా సందు కాసేపు బందయ్యేది. బైకుల వాళ్లు దిగి, గొణుక్కుంటూ దారం కిందనుంచి దూరి పోయేవాళ్లు. కూరగాయల సంచితో నేనూ ఆగాను.

"జర వంగి పో మరదలా. తొక్కకు."

"నీ దారానికి దండం పెట్టుకుంట పోవాల్నా బావా?"

"పెట్టు, పుణ్యమొస్తది. రేపు వాలుగ పడితే తలకాయ నీకే."

"పోయిన వారం తలకాయనే ఇంకా రాలె."

మామూలుగా అయితే దీనికి ఇంకొకటి అంటించేవాడు. ఆ రోజు మాత్రం దారం వదులు చేసి, మళ్లీ లాగాడు. నేను వంగి ఇంట్లోకి పోయాను.

మా బావ పేరు కనకరాజు. మా అక్క సంతోషి మొగుడు. నాచారంలో రబ్బరు వాషర్లు అచ్చుపోసే చిన్న కార్ఖానాలో వేడి ప్రెస్సు మీద పని. ఆరు రోజులు ఆ వేడి దగ్గర నిలబడేవాడు. సబ్బుతో ఎంత తోమినా ఒంటినుంచి రబ్బరు వాసన పోయేది కాదు. అక్కడ ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, ప్రెస్సు నంబరు పెట్టి పిలిచేవాళ్లు. ఆదివారం మాత్రం తెల్లవారకముందే లేచి ఎల్బీనగర్ పోయి మిర్యాలగూడ బస్సు ఎక్కేవాడు. ఆయనది వాడపల్లి పక్క ఊరు. అక్కడ కృష్ణలో, ఆయనకు వరసకు మామ అయ్యే కొమురెల్లి పడవ ఉంది. ఆ పడవలో ఈయనకు చోటుంది. చిన్నప్పటినుంచి ఆయనకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

"ఇంత దూరం ఎందుకయ్యా, ఇంటెనకాలె మూసీ ఉండంగ?" అని కింది వాటా ఆయన ఎగతాళి చేసేవాడు.

"ఆ నీళ్లల్ల చేప సంగతి ఇడిసిపెట్టు అన్నా, గాలమే బతకది" అనేవాడు బావ. "అయినా మన మురికి వాడపల్లి కాడ కృష్ణల గలుస్తది. నాకంటె ముందుగాల అదే పోయి కూసుంటది. అందుకే మేం పైకి పోయి ఏస్తం."

వాళ్లది చేతి గాలం. కర్ర ఉండదు, చక్రం ఉండదు. ఖాళీ నీళ్ల సీసాకు చుట్టిన దారం, చివర గాలం, దాని పైన బరువు. సీసం గుండ్ల బదులు కార్ఖానాలో పారేసిన ఇనుప నట్లు వాడేవాడు బావ. ఎరగా బొచ్చె చేపకు తవుడు ముద్ద, వాలుగకు కోడి పేగులు. పడవ సన్నది, ఇద్దరికే చాలుతుంది. దారాలు చిక్కుపడకుండా ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు తిరిగి వీపు వీపు ఆనించుకుని కూర్చుంటారు. దారం నీళ్లలోకి జారి అడుగు తాకాక, చూపుడువేలి మొదటి గీత మీద ఆనించి ఊరుకోవాలి. ఇక కళ్లతో పని లేదు.

ఒకసారి మా వంటింట్లో, నా వేలి మీద దారం పెట్టి, రెండో కొస తాను పట్టుకుని చూపించాడు. "ఇగో, జెల్ల గిట్ల టకటక పొడుస్తది. రవ్వ పక్కకు గుంజుతది. వాలుగ ఉన్నదే, అది దొంగది. నోట్లె పెట్టుకొని సప్పుడు జేయది. దారం బరువైతది, గంతే. నీళ్లల్ల మునిగిన మోడుకు తట్టుకున్నా బరువే అయితది. కని మోడు బరువు సచ్చిన బరువు, వాలుగ బరువుల పానముంటది. అది వేలికే ఎర్క."

ఆ వేలే ఆయనకు ఎదురు తిరిగింది.

కాగే చాయ్ గ్లాసును అంచు దగ్గర కాకుండా నడుమ పట్టుకుని తాగడం అక్క ముందు చూసింది. ఏఎస్ రావు నగర్‌లో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. షుగరు చాలా రోజులనుంచి ఉందన్నారు. నరాలు పాదాల్లో పోయాయి, ఇప్పుడు వేళ్లలో పోతున్నాయన్నారు. తీపి మానేయమంటే మానేశాడు. మాత్రలు వేసుకోమంటే వేసుకున్నాడు. ఒక్కటే మాట మా ఇద్దరి చేతా ఒట్టేయించుకున్నాడు.

"మామకు తెల్వద్దు. తెలిస్తే నా జాగల శివ కూసుంటడు."

శివ కొమురెల్లి అల్లుడు. చోటు ఎప్పుడు దొరుకుతుందా అని ఒడ్డున కాచుకుని ఉండేవాడు. బావ వైపు చేపలు పడడం తగ్గింది. పట్టణంలో పని చేసి చేయి మొద్దుబారిందని కొమురెల్లి వెనకనుంచి దెప్పడం మొదలుపెట్టాడు. "నీ దిక్కు చేపలు ఉపాసమున్నయా ఏందిరా కనకా? వచ్చే వారం శివను దోలుకొస్త, వాడన్న ఎర తినిపిస్తడు." అది ఇంటికొచ్చి చెప్పి బావ నవ్వాడు. నవ్వి, అన్నం సగంలో లేచిపోయాడు.

చేతి గాలం వేసేవాళ్లకు ఒక కట్టుబాటుంది. దారాన్ని వేలి మీద ఆనించాలే తప్ప చేతికి చుట్టకూడదు. చుట్టుకున్నవాడు చేపను పట్టడు, చేపే వాడిని పడుతుందని కొమురెల్లి పిల్లలకు కూడా చెబుతాడు. బావకు అది నడక కన్నా ముందు వచ్చిన పాఠం. కానీ వేలు చచ్చినా మణికట్టు ఇంకా బతికే ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, దాని కింద దారాన్ని మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకున్నాడు. వీపు ఆనించి కూర్చున్న మనిషికి అది కనపడదు.

వీధిలో దారం సాగదీసిన మర్నాడు, ఆ ఆదివారం, గాలి ఎక్కువగా ఉందట. పడవ కొట్టుకుపోతోంది. బావ దారం ఒక్కసారి బరువెక్కింది. "మామా, పెద్దది!" అని అరిచి లేచి నిలబడి లాగాడు. మణికట్టుకు బరువు తెలిసింది, అది చచ్చిన బరువో బతికిన బరువో తెలియలేదు. పడవ గాలికి ఒక పక్కకు పోయింది, దారం ఆయనను ఇంకో పక్కకు గుంజింది. కొమురెల్లి తిరిగి చూసేసరికి పడవలో చోటు ఖాళీ. కత్తి నోట కరుచుకుని దూకాడు. దారం కోసి పైకి తెచ్చేసరికి ఆలస్యమైంది. గాలం నీళ్లలో మునిగిన తుమ్మ మోడుకు పట్టుకుని ఉంది. చేప లేదు. ఏ చేపా లేదు.

కార్ఖానా వాళ్లు ఒక దండ పంపారు. దాని మీద అట్టముక్క అంటించి పేరు తప్పు రాశారు. వచ్చిన చుట్టాలందరికీ సలహాలున్నాయి. రామంతాపూర్‌లో కోసి, కడిగి ఇస్తారు కదమ్మా చేపలు, ఈ పిచ్చేంటి అని అక్క మొహం మీదే అన్నారు. సోమవారం నాటికి ఆ ప్రెస్సు దగ్గర ఇంకొకరు నిలబడ్డారని తెలిసింది. కింది వాటా ఆయన మాత్రం గేటు ఊచకు మిగిలిపోయిన దారం ముడిని బ్లేడుతో కోసి, ఇక బండ్లకు అడ్డం ఉండదన్నాడు.

పెద్దకర్మ నాడు కొమురెల్లి వచ్చాడు. మా మెట్ల మీదే కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. అక్క బయటికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"దారం చేతికెందుకు సుట్టిండు బిడ్డా?" అని అడిగాడు. "వానికి నేర్పిందే నేను. గా తప్పు వాడెట్ల జేసిండు?"

"వేలు పోయింది మామా" అంది అక్క. "షుగరుకు. ముట్టుకుంటె తెలుస్తలేకుండె. నీకు తెలిస్తె పడవల జాగ పోతదని చెప్పనియ్యలె."

ముసలాయన తన చేతి వైపు చూసుకున్నాడు.

"నా వేలు పోయి ఎన్నేండ్లాయెనో" అన్నాడు. "నేను దారం పెదవుల నడుమ పట్టుకుంట, వీపు ఆనిచ్చి కూసున్నోనికి కానరాదు. మా నాయన గంతే, మా తాత గంతే. వేలు పోయినోళ్లందరు గంతే. పెదవికి ఇంకా మంచిగ తెలుస్తది."