నీళ్ళు తిరిగితే చాలు

మా చెల్లెలి భర్త పోయాడని మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయన తప్పిన మాట. పెళ్ళి మాటల రోజు మా అమ్మ ఎదుట చాప మీద కూర్చుని, "మీ అమ్మాయిని సప్పుడు నేని ఇంట్లో ఉంచుతానత్తా" అన్నాడు. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ చప్పుడంటే తలనొప్పి. అలా మాట ఇచ్చిన మనిషి, పెళ్ళయిన ఏడాదికే కూర్మన్నపాలెంలో బస్సులూ లారీలూ గుమ్మం ముందు నుంచే పోయే చోట ఇల్లు తీసుకున్నాడు. కడదాకా అక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆ సంగతి ఆయనకు గుర్తు చేస్తూనే వచ్చాను. పండక్కి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా మానలేదు. ఆయన నవ్వి, "టీ తాగు బావా" అనేవాడు.

సంతాప సభలో ఒకరి తరవాత ఒకరు లేచి ఆయన్ని "మంచి మనిషి" అన్నారు. పోయినవాడి గురించి ఏమీ తెలియనప్పుడు వాడే మాట అది. అన్నవాళ్ళలో ఒక్కరూ ఆయన రిటైరయ్యాక ఆ గుమ్మం తొక్కలేదు. నేను తొక్కాను, దెప్పడానికే అయినా. కాబట్టి రాసే హక్కు నాకుంది.

బావ ఉక్కు కర్మాగారంలో నీళ్ళు తిప్పే పంపుల దగ్గర పనిచేశాడు. కొలిమి చుట్టూ పైపుల్లో నీళ్ళు తిరిగి, వేడిని మోసుకొచ్చి, చల్లారి మళ్ళీ వెళతాయి. పంపు ఆరోగ్యం తెలుసుకోవడానికి ఆయన స్క్రూడ్రైవర్ మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేవాడు. ఇంట్లో ఫ్రిజ్జుకీ, కుట్టుమిషనుకీ అదే పరీక్ష. ఒకసారి పిడి వైపు తిప్పి నా ఛాతీ మీద పెట్టాడు. "లోపల తుప్పుంది బావా. అయినా ఆడతంది" అన్నాడు.

రెండేళ్ళ కిందట చెల్లెలి తలకు ఆపరేషన్ జరిగింది. ఆ తరవాత ఆగకుండా మోగే చప్పుడు దేన్నీ ఆమె ఓర్చుకోలేకపోయింది. లారీ వస్తుంది, పోతుంది. దానికి ఆమె చెవి ఏనాడో అలవాటు పడింది. అసలు బాధ మేనకోడలి కంప్యూటరు. కట్టబోయే భవనాలు కట్టేశాక ఎలా ఉంటాయో ఆ పిల్ల బొమ్మలు తయారు చేస్తుంది. తల్లిని చూసుకోవడానికి ఆ పని ఇంటి నుంచే చేస్తోంది. బొమ్మ పూర్తవడానికి యంత్రం గంటల తరబడి కాగుతుంది, దాన్ని చల్లార్చే ఫ్యాన్లు పిండిమరలా అరుస్తాయి. ఉన్నవి రెండే గదులు.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి చెల్లెలు తలకు తువ్వాలు బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయి నాలుగు రోజులైందట.

"ఉద్యోగం మానేత్తాను మావయ్యా" అంది మేనకోడలు. "ఆపీసుకెల్తే అమ్మని సూసీవోలు నేరు. ఇంట్లో సేత్తే అమ్మకి నిద్ర నేదు."

నేను బావ వైపు తిరిగాను. "రోడ్డు చప్పుడు చాలదని ఇంట్లోనే మిల్లు పెట్టించావు" అన్నాను.

ఆ రోజు ఆయన నవ్వలేదు. టీ తాగమనీ అనలేదు.

మర్నాడు ఉదయమే ఫోన్. "బావా, కంప్యూటర్లో కూడా నీళ్ళు తిప్పొచ్చంట. నాకు తెలిసిన పనే గదా. కొట్టుకి ఎల్దాం, వత్తావేటి?"

మద్దిలపాలెంలో మా ఇంటికి దగ్గర్లోనే ఉంది ఆ విడిభాగాల కొట్టు. యజమాని మమ్మల్ని చూసి మొదట ప్రింటర్లు ఉన్న వైపు చూపించాడు. ముసలివాళ్ళకు ఇంకేం కావాలని కాబోలు. సంగతి చెప్పాక, తిరిగొచ్చే వేడి నీళ్ళను చల్లార్చే రేడియేటర్ ఒకటి, రంగు లైట్లున్నది, తెచ్చాడు.

"ఇది ఏ లోహం బాబూ?" అని అడిగాడు బావ.

"మెటలే అంకుల్."

బావ దాని మూత తీసి, గొట్టం బిగించే రంధ్రం లోపల తాళంచెవితో గీశాడు. నల్ల రంగు కింద తెల్లగా మెరిసింది. "అల్యూమినియం. ప్రాసెసర్ మీద కూకునే దిమ్మ రాగి. రెండూ ఒకే నీళ్ళలో ఉంటే ఒకదాన్నొకటి తినేత్తాయి. ఏడాది తిరిగీసరికి లోపలంతా బురదే."

"గీసేశారు కదా అంకుల్. ఇంక మీరే తీసుకోవాలి."

"లోపల గీసేను. నీకేటైనా కనబడతందా?"

అతను కళ్ళు చిట్లించి చూశాడు. "లేదు."

"మరింకేటి."

రెండోది గీస్తే రాగి ఎర్రగా కనబడింది. అదీ చాలదని, ఇంకా పెద్దది తెప్పించాడు. కంప్యూటరు పెట్టెలో పట్టదని యజమాని అంటే, పెట్టె బయట తగిలిస్తానన్నాడు. రేడియేటర్ ఎంత పెద్దదైతే ఫ్యాను అంత నిదానంగా తిరిగినా సరిపోతుందట. పంపు దగ్గర ఇంకో పేచీ. యజమాని అన్నిటికన్నా బలమైనది చేతికిచ్చాడు. బావ దాన్ని బకెట్ నీళ్ళలో ఆడించమని, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి చెవికి పెట్టుకున్నాడు.

"ఏంటంకుల్, డాక్టరా మీరు?" అని నవ్వాడతను. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మరిచిపోవడం నాకు చేతకాదు.

బావ మాత్రం నాలుగు పంపులు విని, అన్నిటికన్నా నెమ్మదైనదాన్ని పక్కన పెట్టాడు. "నీళ్ళు పరిగెత్తక్కర్నేదు బాబూ. ఆగకండా తిరిగితే సాలు."

గొట్టాలు గాజులా ఉంటే బాగుంటుందని మేనకోడలు ముచ్చట పడింది. నల్లటి మెత్తని గొట్టమే చాలాకాలం ఉంటుందని ఆయన తెచ్చాడు. అయితే ఆ పిల్ల మొహం చూసి, ఒక జానెడు ముక్క మటుకు నీళ్ళు కనబడేది వేశాడు. బ్యాటరీల కొట్టు నుంచి డిస్టిల్డ్ వాటర్, తుప్పూ పాచీ పట్టకుండా అందులో కలిపే మందు తెచ్చాడు. చెల్లెలు దేవుడి దగ్గర చెంబులోని పసుపు నీళ్ళు ఒక చెంచా అందించి, "ముందు ఇవి పొయ్యండి" అంది. ఆయన తీసుకుని పెరట్లోకి వెళ్ళి వచ్చి, "పోసీసేను" అన్నాడు. ఎక్కడ పోశాడో ఆమె అడగలేదు. కరివేపాకు మొక్క మొదట్లో పసుపు మరక నేను చూశాను.

కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఒక రోజంతా ఆడించి, కారుతోందేమో చూడాలట. ప్రతి అతుకు కిందా పాత పేపరు ముక్కలు పరిచాడు. అందులో నా వ్యాసం అచ్చయిన పేజీ ఉంది. మర్నాడు ఫోన్ చేసి, "శుభవార్త బావా. నీ యాసంలో ఎక్కడా తడి నేదు" అన్నాడు. నా రాతల మీద వచ్చిన సమీక్షల్లో నేను ఒప్పుకున్నది అదొక్కటే.

ఆ వారం వెళితే మేనకోడలు పని చేసుకుంటోంది. పక్కగదిలో చెల్లెలు నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. తువ్వాలు దండెం మీద ఉంది. బావ వేలు పెదవుల మీద పెట్టి, నన్ను గుమ్మంలోనే నిలబెట్టాడు. దెప్పడానికి నాకు ఆ రోజు ఏమీ దొరకలేదు. ఆరు నెలలకోసారి నీళ్ళు మార్చాలని, అప్పుడు ఆ పని నాకు నేర్పుతానని గుసగుసగా చెప్పాడు. నాలుగు నెలలు కాకుండానే, కూర్చున్న కుర్చీలో కూర్చున్నట్టే పోయాడు.

పదో రోజు భోజనాలయ్యాక చెల్లెలి పక్కన కూర్చుని, "అమ్మకిచ్చిన మాట తప్పినా, చివర్లో నీకు చప్పుడు లేకుండా చేశాడు" అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

"ఇంక ఆపన్నియ్యా" అంది ఆమె. "పెల్లైన ఏడాదే కంపెనీవోలు కాలనీ లోపల క్వార్టరు ఇచ్చినారు. సుట్టూ సెట్లు, సప్పుడే నేదు. నానే వద్దన్నాను."

"ఎందుకు?"

"అమ్మ మోకాళ్ళు. మనూరు ఆనందపురంలో బస్సెక్కితే మా గుమ్మంలో దిగీది. ఆ క్వార్టరుకైతే మైలు నడవాల. నీ ఇల్లు దార్లోనే గానీ, ఆ మెట్లన్నీ ఎక్కలేకపోయేది. అది తెలిత్తే నువ్వు బాధ పడతావని, నీకు సెప్పొద్దన్నాను. 'మీ అన్న నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ, నాకేటవుద్ది' అన్నాడు."

మెట్ల మీద ఉన్న మా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. చదువుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదని అందరితో చెప్పుకునేవాణ్ణి. ప్రతి శనివారం అమ్మ ఎక్కిన బస్సు మా వీధి చివర ఆగి, ఆమెతో సహా ముందుకు పోయేదని నాకు తెలియదు.

మొన్న నీళ్ళు మార్చే రోజు వచ్చింది. మేనకోడలు ఫోనులో చూస్తూ చెబుతుంటే నేను మార్చాను. జానెడు గొట్టంలో చిన్న బుడగ ఒకటి మిగిలింది. పోతుంది, వచ్చి మళ్ళీ కనబడుతుంది. పక్కగదిలో చెల్లెలు నిద్రలో ఉంది. ఆయన స్క్రూడ్రైవర్ తీసి పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. చాలా లోపల, సన్నగా, నీళ్ళు తిరుగుతున్నాయి.

ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్కసారి నోరు తెరిచి ఉంటే నేను ఆగి ఉండేవాణ్ణి. తెరవలేదు. ఎవరేమన్నా సరే, నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఆయన్నే. మా బావనే.