తవుడు పాము

మా గల్లీ చివర బర్రెలు పెంచే ఇంటి ముందు తవుడు బస్తా మూతి విప్పితే చాలు, ఈ వయసులో కూడా నా మెడ బిగుసుకుపోతుంది. మా మేనమామ నా మెడకు చుట్టిన పాము కడుపులో ఉండేది ఆ తవుడే.

చలికాలంలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో రంగు లైట్లు వెలిగాయంటే, బయట రోడ్డు వారన మామ గుడారం లేచేది. మిర్చి బజ్జీల నూనె, జనరేటర్ పొగ, వేయించిన పల్లీలు, జనం చెమట అన్నీ కలిసిన ఆ గాలిలో, ఆబిడ్స్‌లో కొన్న ఎర్ర రిబ్బన్లు జడలకు కట్టుకొని, బల్లకు కోసిన రంధ్రంలోంచి తల మాత్రం పైకి పెట్టి నేను కూర్చునేదాన్ని. మెడ చుట్టూ పొలుసులు గీసిన గుడ్డ పాము చుట్టలు చుట్టలుగా పడుండేది. నా అసలు ఒళ్లు బల్ల కింద, నల్ల తెర వెనక. బయట బోర్డు మీద నా గురించి ఏం రాశారో నాకు తెలియదు, అక్షరం రాదు. "ఆట సీజన్ అయిపోంగనే నిన్ను బడిల ఏస్త బిడ్డా" అని మామ ఒట్టేసేవాడు. నాన్న లేని ఇంట్లో అమ్మ ఆ ఒట్టు నమ్మే నన్ను కూర్చోబెట్టింది.

ప్రతి ఆటకూ మామ కర్రతో బల్ల మీద కొట్టి అవే ప్రశ్నలు అడిగేవాడు.

"ఏం పాపం చేసినవే?"

"అమ్మ పెట్టిన బువ్వ కాలుతోని తన్నిన."

"అమ్మ ఏమన్నది?"

"పామువై పొమ్మన్నది."

చూడవచ్చిన తల్లులు తమ పిల్లల చెవులు మెలేసేవారు. "సూసినవా? నా మాట ఇనకుంటె గట్లనే అయితవ్." మగవాళ్లు పల్లీ పొట్టు నా మొహం మీదికి ఊదేవారు. దులుపుకుందామంటే పాముకు చేతులుండవు.

తవుడు కోసం ఎలుకలు వచ్చేవి. ఒకనాడు ఆట మధ్యలో, బల్ల కింద ఒకటి నా కాలి బొటనవేలు కొరికింది. "అవ్వా!" అని కేక పెట్టాను. జనం చప్పట్లు కొట్టారు. "మస్తు యాక్టింగ్ రా" అన్నాడొకడు. గుమ్మంలో టికెట్లు చింపుతున్న అమ్మ ఆ కేక విని లోపలికి ఉరికొచ్చింది. బల్ల మీద పడి, నా తలను గుండెకు అదుముకొని, "నా బిడ్డ, నా బిడ్డ" అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"గీమెనే రా శపించింది!"

"బిడ్డను పామును జేసి ఇప్పుడు ఏడుస్తున్నవా? సిగ్గు లేదానె?"

ఒక ముసలామె ముందుకొచ్చి అమ్మ మొహాన ఉమ్మేసింది. ఆమెకు నా మీద నిజంగానే జాలి కలిగింది, అందుకే ఉమ్మింది.

ఆ ఆట అయ్యాక మామ మహా సంబరపడ్డాడు. "అక్కా, ఇయ్యాల జనం కదల్లే. రేపటి సంది నువ్వు గూడ లోపలికి రా."

"నలుగురితోని ఉమ్మిపిచ్చుకోమంటవారా?"

"పిల్ల బడికి పోవాల్నా వద్దా?"

మర్నాటి నుంచి అమ్మ ప్రతి ఆటకూ జుట్టు విరబోసుకొని ఉరికొచ్చేది, తిట్లు తినేది, ఉమ్ము తుడుచుకొని మళ్లీ టికెట్లు చింపడానికి పోయేది. కొన్నాళ్లకు ఏడుపు రావడం మానేస్తే మామ ఉల్లిగడ్డ కోసి చేతికిచ్చాడు.

బడి లేదు, గిడి లేదు. లైట్లు ఆరిపోయాక గుడారం ఇంకో ఊరికి పోయింది, దాని వెంట మేమూ పోయాం. నేను అక్షరాలు నేర్చింది నా కూతురి పెళ్లయ్యాక, ఆబిడ్స్ దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ.

ఇప్పుడు ఆ గుడారమూ లేదు, మామా లేడు. మనవరాలు ఫోన్లో నడిరోడ్డు మీద ఏడుస్తున్న ఎవరినో చూపించి పడీ పడీ నవ్వుతుంది. "ఉత్త యాక్టింగ్ అమ్మమ్మా" అంటుంది. "బల్ల కింద ఏమున్నదో సూసినవా?" అని అడుగుతాను. పిల్లకు అర్థం కాదు.

బాల్యం గురించి రాసేవాళ్లు అమ్మ తిట్లను తియ్యగా తలచుకుంటారు. నాకు తలచుకోడానికి ఒక్కటీ లేదు. ఆ చలికాలం తర్వాత, తను చనిపోయేదాకా, నేను కుండ పగలగొట్టినా, ఎదురు తిరిగినా, ఆఖరికి కోపంలో కంచం తోసేసినా, అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగేది.